చిన్న ఊరి తొలి చరిత్రను ఆధారాలతో కూర్చే విధానం: కడప, కర్నూలు, అనంతపురం సీమల వారికి

కడప, కర్నూలు, అనంతపురం సీమల్లో ఒక మోస్తరు మండల కేంద్రానికి వెళ్లి ఊరి చరిత్ర అడిగితే, ఒకప్పుడు ఇదంతా అడవి అనీ, వేటకు వచ్చిన రాజుకు దేవుడు కలలో కనిపించాడనీ, ఆ రాజే గుడి కట్టించి ఊరు నిలిపాడనీ చెబుతారు. గుడి పునఃప్రతిష్ఠ జరిగినప్పుడు పాలరాతి ఫలకం మీద చెక్కించేదీ, హైస్కూలు వార్షికోత్సవ సంచికలో అచ్చయ్యేదీ ఈ కథే. అదే ఊరిలో చెరువుకట్ట మీద శాసనం, కోటవీధి చివర కూలిన బురుజు, పొలం గట్టున వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడికి నిలిపిన రాయి) ఉన్నా వాటి ఊసు ఆ ఫలకంలో కనిపించదు. అటువంటి ఊరికి ఆధారాలతో నిలిచే తొలి చరిత్రను సమకూర్చి, ఆయా స్థలాల్లో నమ్మదగిన ఫలకాలు పెట్టాలనుకునే ఉపాధ్యాయులకు, యువకులకు, గ్రామ పెద్దలకు పని ఏ వరుసలో సాగాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముందు ప్రశ్నను సరిచేసుకోవడం

ఊరు ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్నకు చాలా ఊళ్ల విషయంలో సమాధానం దొరకదు. ఏ సంవత్సరం నాటికి ఇక్కడ జనం ఉన్నారు, ఆనాటి ఊరు ఇప్పుడున్న చోటే ఉన్నదా, చెరువు ఎవరి కాలంలో తెగకుండా నిలిచింది, పేట ఎప్పుడు వెలిసింది, ఏ కుటుంబాలు ఏ కాలంలో వచ్చి చేరాయి అన్న ప్రశ్నలకు మాత్రం ఓపికగా వెతికితే సమాధానాలు దొరుకుతాయి. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం ఇందుకు మంచి ఉదాహరణ. ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలంలో, సుమారు క్రీ.శ. 575 ప్రాంతంలో వేసిన ఆ శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పరిగణిస్తున్నారు. అందులో చిఱుంబూరు అన్న ఊరి ప్రస్తావన ఉన్నది; పరిశోధకులు దానిని సమీపంలోని నేటి చిలంకూరుగా గుర్తించారు. దీన్నిబట్టి చిలంకూరు 575లో పుట్టిందని రాయడం తప్పు. 575 ప్రాంతానికే అది ఒక శాసనంలో చెప్పదగినంత పేరున్న ఊరు అని రాయడమే సరైనది. ఏ ఊరి చరిత్ర రాసినా ఈ తేడాను చివరిదాకా విడవకూడదు. శాసనం మీది తేదీ ఆ తేదీకి ఊరు ఉన్నదని మాత్రమే సాక్ష్యం చెబుతుంది. అంతకు ముందు ఎంత కాలంగా ఉన్నదో అది చెప్పదు.

ఊరు కదులుతుందన్న సంగతి కూడా మొదటే గుర్తుంచుకోవాలి. చెరువు తెగినప్పుడు, గత్తర వచ్చినప్పుడు, దండు దోచుకున్నప్పుడు జనం పాత ఊరు విడిచి మెరకకో, వంక అవతలికో వెళ్లి కొత్త ఇళ్లు కట్టుకున్నారు. పేరు మాత్రం పాతదే కొనసాగుతుంది. రెవెన్యూ రికార్డుల్లో బేచిరాకు అని రాసిన గ్రామాలన్నీ ఇలా జనం వదిలిపోయినవే. మన కాలంలోనే సోమశిల, గండికోట జలాశయాల కింద కడప జిల్లాలో ఎన్నో ఊళ్లు మునిగి, జనం పునరావాస కాలనీలకు తరలిపోయారు. అటువంటి ఊళ్లవారు ఈ పని ఇంకెవరికన్నా ముందు మొదలుపెట్టాలి. పాత ఊరి వీధులు కళ్లకు కట్టినట్టు చెప్పగలవారు ఇంకా ఉన్నారు గనుక.

మొదట ఊరంతా కాలినడకన

పుస్తకాలు తెరవకముందే ఊరు నడవాలి. సర్వే విభాగం వారి గ్రామ నక్షా ఒక ప్రతి తీసుకుని, దానిలో గ్రామకంఠం (ఊరి ఇళ్లకు కేటాయించిన నేల) హద్దును గుర్తించి, ఆ హద్దు లోపలి పాత వీధులను, హద్దు బయట తరువాత వెలసిన కొట్టాలను, కాలనీలను వేరు చేసుకోవాలి. మన సీమలోని కోట ఊళ్లకు ఒక పోలిక ఉంటుంది: చుట్టూ మట్టిగోడ లేక రాతిగోడ, మూలల్లో బురుజులు, ఒకటో రెండో గవినులు (కోట వాకిళ్లు), గవిని దగ్గర ఆంజనేయుడు, లోపల చావిడి, రచ్చకట్ట, బొడ్డురాయి. గోడ నేడు లేకపోయినా దాని జాడ వీధుల వంపులో మిగిలి ఉంటుంది. కందకం పూడ్చిన చోట ఇళ్లు వరుసగా పల్లంలో ఉంటాయి, లేదా ఆ మేర మురుగు కాలువ నడుస్తుంది. బజారు నడిబొడ్డున ఆంజనేయస్వామి గుడి ఉండి, అది ఒకప్పుడు ఊరికి వెలుపల ఉండేదని పెద్దలు చెబితే, పాత గవిని అక్కడే ఉండేదని అనుమానించడం న్యాయమే. కానీ అది అనుమానమేనని పుస్తకంలో రాసుకోవాలి.

ఊరి చుట్టుపక్కల పాటిదిబ్బలను అడిగి తెలుసుకోవాలి. రైతులు ఎరువుగా పాటిమన్ను తోలుకునే చోటు ఏది అంటే పశువుల కాపరికి కూడా తెలుసు. బూడిద రంగు మట్టిలో పెంకులు, ఎముకలు, రాతి పనిముట్లు కనిపించే అటువంటి దిబ్బ పాత ఊరి ఆనవాలు. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండపెంకులు కనిపిస్తే అవి సాధారణంగా ఇనుపయుగం నాటివి, అంటే శాసనాల కన్నా ఎంతో ముందటివి. జనం పాండవుల గుళ్లు, రాకాసి గుళ్లు అని పిలిచే రాతి బండల గూళ్లు కూడా తరచు ఆ కాలపు సమాధులే. వీటిని చూసి నేటి ఊరు మూడు వేల ఏళ్లుగా ఎడతెగకుండా ఉన్నదని ప్రకటించే ఉత్సాహం చాలామందికి వస్తుంది. మధ్యలో ఎన్ని వందల ఏళ్లు ఆ చోటు బీడుగా పడి ఉన్నదో పెంకులు చెప్పవు గనుక ఆ ఉత్సాహాన్ని అదుపులో పెట్టుకోవాలి. దిబ్బను తవ్వడం మన పని కాదు. పైన కనిపించినదాన్ని ఫొటో తీసి, స్థలం రాసుకుని, ఉన్నదాన్ని ఉన్నచోటే వదలాలి. నేలలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువగల వస్తువేది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టమే చెబుతున్నది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం చెరువు దగ్గర గడపాలి. వాన తక్కువైన ఈ నేలలో చెరువు లేనిదే పెద్ద ఊరు నిలవలేదు. అందుచేత చెరువు వయస్సు తెలిస్తే ఊరి చరిత్రలో సగం తెలిసినట్టే. తూము ఎన్ని రాళ్లతో ఎలా కట్టారు, తూము రాళ్ల మీద బొమ్మలు గాని అక్షరాలు గాని ఉన్నాయా, మరవ (నిండిన చెరువు మిగులు నీరు పోయే దారి) ఎక్కడ పారుతుంది, కట్ట మీద ఏ దేవత ఉన్నది, కట్ట తెగి తిరిగి కట్టిన జాడలు ఉన్నాయా అన్నవి చూడాలి. పోరుమామిళ్ల చెరువు శాసనం దీనికి గొప్ప పాఠం. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు శక 1291లో, అంటే 1369లో, వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను లెక్కపెట్టి చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మెరక ఉండటం ఆ దోషాలలోనివి. రెండు రాజ్యాల హద్దున చెరువు ఉండటాన్ని కూడా దోషంగా లెక్కించారంటే, ఆ సంగతిని రాసినవారికి నీటి తగాదాల అనుభవం బాగా ఉన్నదన్నమాట. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం పేరులోనూ అదే కాలపు చెరువు నిర్మాణం నిలిచి ఉన్నది. ఊరి పేరు చివర సముద్రం, సాగరం ఉన్నచోట చెరువు ముందా ఊరు ముందా అన్నది తప్పక వేసుకోవలసిన ప్రశ్న.

ఊరి పేరును మాత్రం మొదటి ఆధారంగా ఎప్పుడూ తీసుకోవద్దు. పేరుకు కథ అల్లడం అతి సులువు, ఆ కథను కాదనడం అతి కష్టం. శాసనాల్లో, పాత కాగితాల్లో ఆ పేరు ఏ కాలంలో ఏ రూపంలో కనబడిందో వరుసగా రాసుకుంటే చాలు.

రాళ్లను గుర్తించడం, ఫొటో తీయడం

నిలువురాయి కనిపించగానే అది శాసనమని అనుకోకూడదు, దేవుడని పక్కన పెట్టనూకూడదు. వీరగల్లుల మీద కింది భాగంలో యుద్ధం, మధ్య భాగంలో వీరుణ్ణి తీసుకుపోతున్న అప్సరసలు, పై భాగంలో శివలింగం ముందు కూర్చున్న వీరుడు కనిపించడం సాధారణం. పశువుల మందను తోలుకుపోయే దండును అడ్డుకునో, ఊరిని కాపాడుతూనో, పులితో పోరాడో చనిపోయినవారికి ఈ రాళ్లు నిలిపారు. మోచేతి దగ్గర వంగి పైకి లేచిన గాజుల చేయి, చేతిలో నిమ్మపండు, పైన సూర్యచంద్రులు ఉంటే అది సహగమనం చేసిన స్త్రీకి నిలిపిన రాయి. వీటిలో చాలావాటిని ఇప్పుడు పేరంటాలమ్మగా పూజిస్తున్నారు. శంఖచక్రాలు గాని, గొడుగు పట్టుకున్న వామనుడు గాని, మూడు గొడుగులు గాని చెక్కిన రాళ్లు దానభూముల పొలిమేర రాళ్లు; మొదటి రెండూ వైష్ణవ దానాలకు, మూడోది జైన దానానికి గుర్తు. జమ్మలమడుగు దగ్గరి దానవులపాడులో పెద్ద జైన క్షేత్రమే బయటపడింది గనుక, మన సీమలో మూడు గొడుగుల రాయి కనిపిస్తే ఆశ్చర్యపోవలసిన పని లేదు.

ప్రతి రాతికీ ఒక సంఖ్య ఇచ్చి, అది ఇప్పుడున్న చోటు, సర్వే నంబరు, ముఖం ఏ దిక్కున ఉన్నది, ఎత్తు, వెడల్పు, ఎన్ని పంక్తులు, ఎన్ని వైపుల రాత ఉన్నది అనే వివరాలు నమోదు చేయాలి. ఆ రాయి మొదటినుంచీ అక్కడే ఉన్నదా, ఎవరైనా తెచ్చి పెట్టారా అన్నది వీటన్నిటికన్నా ముఖ్యం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు, గుడి ప్రహరీ కట్టినప్పుడు రాళ్లు ఊరు దాటి వెళ్లిన సందర్భాలు కొల్లలు. పక్క ఊరి రాయి తెచ్చి మన గుడిలో నిలబెట్టుకుని, దానిమీది చరిత్రను మన చరిత్రగా రాసుకోవడం జరగకూడదు.

శాసనం ఫొటోకు నడిమధ్యాహ్నపు ఎండ పనికిరాదు. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలో గాని, చీకటి పడ్డాక టార్చిలైటును రాయికి ఒక పక్కన దాదాపు ఆనించి పట్టుకుని గాని తీస్తే అక్షరాల గుంటల్లో నీడ పడి స్పష్టంగా కనిపిస్తాయి. వెలుతురు ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి పై నుంచి పడేటట్టు మూడు విడతలు తీయాలి; ఒక వెలుతురులో కనిపించని అక్షరం ఇంకొక వెలుతురులో కనిపిస్తుంది. మొత్తం రాయి ఒక ఫొటో, తరువాత నాలుగైదు పంక్తులకు ఒకటి చొప్పున, పంక్తులు ఒకదానిమీద ఒకటి కొంత కలిసేటట్టు తీయాలి. పక్కన కొలబద్ద పెట్టాలి. మట్టిని మంచినీళ్లతో, మెత్తని కుంచెతో మాత్రమే కడగాలి. ఇనుప బ్రష్షు, యాసిడ్, పెయింటు, అక్షరాల గుంటల్లో సుద్దముక్కతో దిద్దడం ఏవీ వద్దు. దిద్దినవాడు తాను ఊహించిన అక్షరాన్నే దిద్దుతాడు, తరువాత చదివేవాడికి అసలు అక్షరం దొరకదు. కాగితం మీద సిరాతో అచ్చు తీయడం శిక్షణ పొందినవారి పని. ఫొటోలు, స్థల వివరాలు జతచేసి మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి రాస్తే అది కొత్తదో, ఇదివరకే అచ్చయినదో వారు తేల్చగలరు.

గుప్తనిధుల వేట గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన సీమలో శాసనం ఉన్నదంటే కింద నిధి ఉన్నదని నమ్మి రాత్రికి రాత్రి నందిని పగలగొట్టి, వీరగల్లును పెకలించి తవ్విపోసే ముఠాలు ఉన్నాయి. అందుచేత ఊరికి దూరంగా, కాపలా లేని చోట దొరికిన రాతి స్థలాన్ని అందరూ చూసేటట్టు ప్రకటించడం క్షేమం కాదు. ఆ వివరాలు తహశీల్దారుకు, పురావస్తు శాఖకు రాతపూర్వకంగా ఇచ్చి, బయటికి ఊరి పేరు వరకే చెప్పడం మేలు. శాసనంలో ఉన్నది భూదానమో, పన్ను మినహాయింపో అని ఊరందరికీ చదివి వినిపిస్తే ఈ బెడద కొంత తగ్గుతుంది.

చదవడం, తేదీ కట్టడం

శాసనాన్ని మొదటినుంచీ సొంతంగా చదవబోవడం కన్నా, అచ్చయిన పాఠం ఉన్నదేమో వెతకడం తెలివైన పని. కడప జిల్లా శాసనాలను రాష్ట్ర ప్రభుత్వం సంపుటాలుగా ప్రచురించింది. కేంద్ర పురావస్తు శాఖ దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదోది తెలుగు శాసనాలకూ, పదహారోది విజయనగర కాలపు తెలుగు శాసనాలకూ కేటాయించినది. అనంతపురం వైపు శాసనాలు కన్నడంలో ఉండటం మామూలే గనుక, అక్కడివారు కన్నడ శాసనాల తొమ్మిదో సంపుటాన్ని కూడా చూడాలి. వెతికేటప్పుడు నేటి మండలం పేరు పట్టుకుంటే ఏదీ దొరకదు. మండలాలు వచ్చింది 1985లో. పాత పుస్తకాలన్నీ తాలూకాల వారీగా ఉంటాయి. జిల్లా కూడా మారి ఉండవచ్చు. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది, మదనపల్లె 1911కు ముందు కడప జిల్లాలోది, 2022లో నంద్యాల, అన్నమయ్య, శ్రీ సత్యసాయి జిల్లాలు వచ్చాయి. కాబట్టి మన ఊరు ఏ కాలంలో ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది ఒక కాగితం మీద ముందే వరుసగా రాసిపెట్టుకోవాలి.

విజయనగర కాలపు శాసనమైతే వరుస ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది: స్వస్తిశ్రీ, శాలివాహన శక వర్షం, సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం, రాజు పేరు, సీమ పేరు, దాత, గ్రహీత, దానం, చివర దానిని హరించినవారికి శాపం. ఫలానా సీమకు చెల్లే ఫలానా గ్రామం అన్న మాట దగ్గర ఆగి, ఆ సీమ పేరును జాగ్రత్తగా రాసుకోవాలి. గండికోట సీమా, ములికినాటి సీమా, ఉదయగిరి రాజ్యమా అన్నదాన్నిబట్టి ఊరు ఏ దుర్గం వైపు చూస్తూ బతికిందో తెలుస్తుంది. దానం ఏమిటన్నది ఆనాటి ఊరి జనాన్ని చూపిస్తుంది. సదాశివరాయల కాలంలో, అళియ రామరాయల అధికారం సాగిన రోజుల్లో, మంగళి కొండోజు కోరికపై మంగళివారికి పన్నులు మాన్పించిన శాసనాలు మన సీమలో చాలాచోట్ల ఉన్నాయి. అటువంటి రాయి ఉన్న ఊరిలో ఆనాటికి మంగళి వృత్తివారు పన్ను కట్టే స్థితిలో స్థిరపడి ఉన్నారని మనం ధైర్యంగా రాయవచ్చు.

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. తిథి జనవరి నుంచి ఉగాది లోపల పడితే 79 కలపాలి. లెక్క సరిపోయిందో లేదో సంవత్సరం పేరుతో సరిచూడాలి. పోరుమామిళ్ల శాసనంలో శక 1291 సౌమ్య అని ఉన్నది; 1969 ఉగాదితో వచ్చినది కూడా సౌమ్యే. 1969 నుంచి అరవై చొప్పున పది మార్లు తీసివేస్తే 1369 వస్తుంది, 1291కి 78 కలిపినా 1369 వస్తుంది, రెండూ కలిశాయి. అరిగిన రాతిమీద అంకెలు పోయి సంవత్సరం పేరు ఒక్కటే మిగిలినా, రాజు పేరు తెలిస్తే ఈ పద్ధతిలో ఏడాది పట్టుకోవచ్చు. ఒక ఏడాది అటూ ఇటూ తేడా వస్తే కంగారు అక్కరలేదు; గడిచిన సంవత్సరాన్ని చెప్పారా, నడుస్తున్నదాన్ని చెప్పారా అన్నదాన్నిబట్టి ఆ తేడా వస్తుంది. సంస్కృత శ్లోకాల్లో అంకెలకు బదులు మాటలు వాడతారు, వాటిని వెనుక నుంచి చదవాలి: వేద, బాణ, రామ, చంద్ర అంటే నాలుగు, అయిదు, మూడు, ఒకటి, అనగా 1354. రెవెన్యూ కాగితాల్లోని ఫసలీకి (శిస్తు లెక్కల సంవత్సరానికి) 590 కలిపితే ఆ ఏడాది జూలైలో మొదలయ్యే సంవత్సరం వస్తుంది. మసీదు, దర్గాల మీది హిజ్రీ ఏడాదికి నూటికి మూడు చొప్పున తగ్గించి 622 కలిపితే ఇంచుమించుగా సరిపోతుంది.

కైఫియతును చదివే తీరు

కడప జిల్లావారికి దొరికినంత సంపద ఈ విషయంలో ఇతరులకు దొరకడం అరుదు. కల్నల్ కాలిన్ మెకంజీ పందొమ్మిదో శతాబ్ది తొలి దశాబ్దాల్లో కావలి సోదరులు మొదలైన తన సహాయకుల చేత ఊరూరా కరణాల కవిలెలనుంచి (లెక్కల పుస్తకాలనుంచి), పెద్దల నోటినుంచి రాయించిన గ్రామ వృత్తాంతాలే కైఫియతులు. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించి కాపాడాడు. ఆయన పేరిట కడపలో వెలసిన భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫియతులను సంపుటాలుగా అచ్చువేసింది. మన ఊరి కైఫియతు లేకపోయినా పక్క ఊరి కైఫియతులో మన ఊరు మజరాగానో (శివారు పల్లెగానో), పొలిమేరగానో కనిపించవచ్చు గనుక, చుట్టూ ఉన్న ఊళ్లవన్నీ చదవాలి.

చదివేటప్పుడు కైఫియతును మూడు పాళ్లుగా విడదీసుకోవడం మేలు. మొదటి పాలు పుట్టుక కథ: జనమేజయుడు సర్పయాగం చేసి అగ్రహారం ఇచ్చాడనో, ముక్కంటి కాడువెట్టి అడవి కొట్టించాడనో, ఆవు పుట్టలో పాలు విడిచిందనో ఉంటుంది. ఇవే కథలు పదుల కొద్దీ ఊళ్లకు ఇవే మాటల్లో ఉన్నాయి గనుక ఇవి తేదీకి పనికిరావు, అయితే ఊరు తన్ను తాను ఏ గౌరవానికి చేర్చుకోదలచిందో చెప్పడానికి పనికివస్తాయి. రెండో పాలు రాయల కాలం; ఇందులో కైఫియతు రాసినవారు చాలాచోట్ల శాసనాలను చూసి నకలు చేశారు. ఆ శాసనం నేడు పగిలిపోయి ఉంటే ఆ నకలే మనకు దిక్కు. మూడో పాలు 1650లో గండికోట గోల్కొండవారి వశమైనది మొదలు కడప నవాబులు, హైదరాలీ, నిజాం, 1800లో దత్తమండలాలను, అంటే ఈ సీమలను, కుంపిణీకి (ఈస్టిండియా కంపెనీకి) ఇవ్వడం దాకా నడిచే కథ. రాసేనాటికి అది తాత తండ్రుల జ్ఞాపకం గనుక ఇక్కడ కైఫియతు మాట బలమైనది. ఏ పాళెగాడు ఊరు కొట్టాడు, ఎవరు కౌలు ఇచ్చి రైతులను తిరిగి పిలిపించారు, పేట ఎవరు కట్టించారు అన్నవి ఈ భాగంలోనే దొరుకుతాయి. నా ఉద్దేశంలో మన సీమలోని చాలా ఊళ్ల నేటి వీధుల అమరికకు మూలం రాయల కాలంలో కన్నా ఈ కల్లోల కాలంలోనే వెతకాలి. ఊరి గొప్పకు అది అంతగా అక్కరకు రాకపోవడంవల్ల ఎవరూ దాని జోలికి పోవడం లేదు.

రెవెన్యూ కాగితాలు

సర్ తామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉండి పొలాలన్నీ కొలిపించాడు. అప్పటి నుంచి కాగితం ఆధారం మొదలవుతుంది. సామాన్యుడికి అన్నిటికన్నా ఉపయోగపడేది 1860 ప్రాంతంలో తయారైన ఇనాం (పన్ను మినహాయించో తగ్గించో ఇచ్చిన భూమి) రిజిస్టరు. ప్రతి ఇనాం భూమికీ ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, దేనికోసం ఇచ్చారు, సనదు (దానపత్రం) ఉన్నదా లేదా అన్న వివరాలు అందులో ఉంటాయి. గుడి ఇనాములు, ఖాజీ ఇనాములు, రెడ్డి, కరణం, తలారి, నీరుగంటి ఇనాములు అన్నీ ఒకచోట చూస్తే 1860 నాటి ఊరు మొత్తం కళ్లముందు నిలుస్తుంది. దశబంధం ఇనాము కనిపిస్తే దాన్ని ప్రత్యేకంగా రాసుకోవాలి, ఎందుకంటే అది చెరువునో కాలువనో తవ్వించి, దాని మరమ్మతు బాధ్యత మోసినవారికి ఇచ్చినది. దాతగా రాయలు అని మాత్రమే రాసి ఉంటే కృష్ణదేవరాయలని పూరించకూడదు.

ఈ రిజిస్టర్లను, రీసెటిల్మెంటు రిజిస్టరును, పాత నక్షాలను కలెక్టరు కార్యాలయం రికార్డు గదిలో దరఖాస్తు పెట్టుకుని చూడవచ్చు. అక్కడ లేనివి రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ, మద్రాసు రాష్ట్ర కాలపు కాగితాలైతే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లోనూ వెతకాలి. కరణాల వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు సర్కారుకు చేరని కట్టలు కొన్ని పాత కరణాల ఇళ్లలో అటకల మీద ఉండిపోయాయి. వాటిని అడిగేటప్పుడు భూతగాదా కోసం రాలేదని మొదటే నమ్మకం కలిగించి, ఇంట్లోనే కూర్చుని ఫొటో తీసుకుని, కట్ట కట్టినట్టే తిరిగి కట్టి ఇవ్వాలి. మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరుకు 1871 నాటికి పూర్తయిన రైలుమార్గం, అదే కాలంలో తవ్విన కర్నూలు కడప కాలువ కూడా ఊళ్లను పెంచాయి, కొన్నింటిని వెనుకబెట్టాయి. స్టేషను పక్కన వెలసిన పేటకు అంతకన్నా పాత చరిత్ర వెతకడం వృథాశ్రమ కావచ్చు.

పెద్దల మాట

ముసలివారిని ఊరి చరిత్ర చెప్పమని అడిగితే మళ్లీ రాజు, వేట, కల దగ్గరికే వస్తారు. ప్రశ్న మార్చాలి. మీ వంశం ఏ ఊరినుంచి వచ్చింది, ఇంటిదేవర ఎక్కడ ఉన్నది, పుట్టువెంట్రుకలు ఏ గుడిలో తీయిస్తారు, జాతరలో తొలి మర్యాద ఎవరిది, దున్నపోతును తెచ్చేది ఎవరు, బొడ్డురాయికి పూజ చేసే హక్కు ఏ ఇంటిది అని అడిగితే వలసల మార్గం, ఊరిలో చేరిన వరుస బయటపడతాయి. మాల మాదిగ వాడలవారిని, బోయలను, ఎరుకలవారిని అడగకుండా ముగించిన చరిత్ర సగం చరిత్రే. పొలిమేర ఎక్కడున్నదో ఊరందరికన్నా తలారి, వెట్టి పనులు చేసినవారి కుటుంబాలకే బాగా తెలుసు. ధాత కరువులో వచ్చామని ఎవరైనా అంటే అది ధాత నామ సంవత్సరంతో మొదలైన 1876–78 కరువు. ఆ ఒక్క మాటతో ఒక వాడ వయస్సు తేలుతుంది. ఒకే సంగతిని ఒకరికొకరు సంబంధం లేని రెండు ఇళ్లలో విన్నప్పుడు దానికి విలువ ఎక్కువ. అయితే ఇద్దరూ ఒకే దేవస్థానం కరపత్రం చదివి చెబుతున్నారేమో కూడా విచారించాలి.

ఫలకం రాయించడం

దొరికినదంతా ఒక పుస్తకంలో, ప్రతి వాక్యం పక్కన దాని ఆధారంతో, రాసుకున్న తరువాతనే ఫలకం మాట ఎత్తాలి. ఒక్కో స్థలానికి ఒక్కో చిన్న ఫలకం మేలు. ఊరి మొదట్లో పెద్ద ఫలకం పెట్టి అన్నీ అందులో కుక్కితే ఎవరూ చదవరు. యాభై, అరవై మాటలు మించకూడదు. రాయి చెప్పినదీ, కైఫియతు చెప్పినదీ, జనం చెప్పుకునేదీ ఒకదానితో ఒకటి కలవకుండా, శాసనం ప్రకారం, కైఫియతు ప్రకారం, ఊరివారు చెప్పుకునే ప్రకారం అన్న మాటలు తప్పక వాడాలి. సుప్రసిద్ధ, అతిపురాతన, ప్రపంచంలోనే మొదటి వంటి మాటలకు ఫలకంలో చోటు లేదు. పోరుమామిళ్ల చెరువుకట్ట మీద పెట్టదగిన ఫలకం ఇలా ఉండవచ్చు: "ఈ చెరువును శక 1291 సౌమ్య సంవత్సరంలో, అనగా క్రీ.శ. 1369లో, విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించినట్టు ఇక్కడి సంస్కృత శాసనం చెబుతున్నది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్టు అందులో ఉన్నది." అంతకు మించి ఒక్క విశేషణం కూడా అక్కరలేదు.

ఫలకాన్ని శాసనపు రాతికి గాని, గుడి గోడకు గాని బిగించకూడదు. కొద్ది దూరంలో వేరే దిమ్మె మీద నిలపాలి. కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన ఇంకొక రెండు వందల మీటర్ల వరకు అనుమతి కావాలి అని 2010లో సవరించిన చట్టం చెబుతున్నది. గుడి స్థలమైతే దేవాదాయ శాఖను, చెరువుకట్ట అయితే జలవనరుల శాఖను, వీధి అయితే పంచాయతీని రాతపూర్వకంగా అడగాలి. పంచాయతీ తీర్మానం ఒకటి చేయించుకుంటే తరువాత వచ్చే పాలకవర్గం ఫలకాన్ని తీసివేయబోయినప్పుడు అక్కరకు వస్తుంది. చౌకగా దొరుకుతుందని నాపరాయి మీద చెక్కించవద్దు, ఎండకూ వానకూ పొరలు లేచి అక్షరాలు రాలిపోతాయి. నల్ల గ్రానైటు నిలుస్తుంది. పెట్టించినవారి పేర్ల జాబితా ఫలకం వెనుకవైపు ఉంటే చాలు.

ఫలకం కింద వరుసలో అది పెట్టిన సంవత్సరం తప్పక ఉండాలి, కొత్త శాసనం దొరికితే పాత మాటను మార్చవలసి వస్తుంది గనుక. ఆధారాల పుస్తకం నకళ్లు పంచాయతీ కార్యాలయానికి, హైస్కూలు గ్రంథాలయానికి, కడప బ్రౌన్ కేంద్రానికి ఒక్కొక్కటి ఇచ్చి, చివర కొన్ని ఖాళీ పుటలు బైండు చేయించి, తరువాత దొరికే ప్రతి రాతిని, ప్రతి కాగితాన్ని తేదీ వేసి ఆ పుటల్లో చేర్చే బాధ్యతను హైస్కూలు సాంఘికశాస్త్ర ఉపాధ్యాయునికి అప్పగించాలి.